అక్షరం మారకుండా

శాసనసభలో గుమాస్తా సభ్యులను ఇంటిపేరుతోనే పిలుస్తాడు. అందువల్ల ఆ చలికాలపు సమావేశాల్లో కూడా "హెల్లెస్తాద్" అన్న పిలుపు, ఏళ్ళ తరబడి వినిపించిన గొంతులో, వినిపించిన చోటే వినిపించింది. బదులు పలికే మనిషి ఒక్కరే మారారు.

రాగ్నా హెల్లెస్తాద్ లేచి "ఉన్నాను" అనేది. అయితే పిలుపుకూ బదులుకూ నడుమ ఉండే ఆ కాస్త ఎడంలో, ఆమె కుడిభుజం వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్లు వినిపించేది. ఆమె భర్త థోర్వాల్ సభలో నోరు విప్పేముందు అలాగే గొంతు సవరించుకునేవాడు. పెళ్ళినాటినుంచి అతని అలవాటది; భోజనానికి ముందు ప్రార్థన చెప్పబోతూ కూడా అంతే. రాగ్నా హైస్కూల్లో భూగోళం, లెక్కలు బోధించిన మనిషి. కారణం తెలియని చప్పుడు ఉంటుందని ఒప్పుకునే స్వభావం కాదు. వెనక గోడలో ఉన్న ఆవిరి గొట్టాన్ని చూడమని భవనం చూసుకునే పనివాణ్ణి అడిగింది. అతను గొట్టం విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించాడు. మర్నాడు పిలుపు వచ్చినప్పుడు గొట్టం నిశ్శబ్దంగా ఉంది. గొంతు సవరింపు మాత్రం వినిపించింది.

ఆమె ఆ కుర్చీలో కూర్చోవడానికి కారణం థోర్వాల్ మరణం. నవంబరు ఎన్నికలో మళ్ళీ గెలిచి, ప్రమాణం చేయకముందే, ఇంటిముందు మంచు తోస్తూ గుండె ఆగి పోయాడు. ఖాళీ అయిన స్థానానికి పార్టీవాళ్ళు అతని భార్యనే నిలబెట్టారు. ఎందుకు నిలబెట్టారన్నది ఎవరూ దాచలేదు. రాజ్యాంగ సవరణ ఒకటి సగందాకా వచ్చి ఆగి ఉంది. అది థోర్వాల్ ప్రతిపాదించినది. అది మిగతా సగం దాటాలంటే అతని ఓటు కావాలి.

ఆ సవరణకు మూలం చాలా వెనక ఉంది. వాళ్ళ తాతల కాలంలో రాష్ట్రప్రభుత్వం కాలువలు తవ్విస్తానని అప్పులు చేసి, కాలువలూ పూర్తిచేయక, అప్పులూ తీర్చక దివాలా అంచుకు చేరింది. ఆ భయంతో, ఇకమీదట రాష్ట్రం ఎటువంటి నిర్మాణపు పనులూ చేపట్టరాదని పెద్దలు రాజ్యాంగంలో రాసిపెట్టారు. అది రాసినవాళ్ళకు కర్లూ నది ఒక లెక్కలోది కాదు. ఆ నది పైనున్న నోర్దాల్ లోయలోనుంచి దిగి, స్టోన్‌ఫోర్డ్ ఊరిని ఒరుసుకుంటూ మిసిసిపీలో కలుస్తుంది. ఊరికి వరద కట్ట కావాలని థోర్వాల్ తెచ్చిన బిల్లు సభలో గెలిచి కోర్టులో ఓడింది. రాజ్యాంగం ఒప్పుకోదని న్యాయమూర్తులు కొట్టివేశారు. కొట్టివేసిన మరుసటి వసంతంలో మంచు ఒక్కసారిగా కరిగింది. బడినుంచి వంతెన మీదుగా వస్తున్న వాళ్ళ కొడుకు ఐనార్ ఇంటికి చేరలేదు. రాజ్యాంగం అడ్డమైతే రాజ్యాంగాన్నే మారుస్తానని థోర్వాల్ బయలుదేరింది ఆ అంత్యక్రియలనుంచే.

ఆ రాష్ట్రంలో రాజ్యాంగం మార్చడానికి దారి పొడవైనది. ఒక సభ ఆమోదించాలి. తరువాత ఎన్నికలు జరగాలి. కొత్తగా ఎన్నికైన సభ అదే పాఠాన్ని, అక్షరం మారకుండా, మళ్ళీ ఆమోదించాలి. అటుపైన జనం ఓటు వేయాలి. మొదటి సభ దాటింది. ఇప్పుడిది రెండోది.

"మొత్తం సభ్యుల్లో సగానికి పైన కావాలమ్మా," అని చెప్పాడు పార్టీ నాయకుడు కార్నీలియస్ డఫీ, సభ బయట బల్లమీద ఆమె పక్కన బరువుగా కూర్చుంటూ. "వచ్చినవాళ్ళలో సగం కాదు, మొత్తంలో. ఎవడైనా జలుబు చేసి ఇంట్లో పడుకుంటే వాడు వద్దన్నట్టే. నోరు మూసుకు కూర్చున్నా వద్దన్నట్టే. నేను వేళ్ళమీద లెక్కేసుకుంటూనే ఉన్నాను. సరిగ్గా సరిపోతారు. ఒక్కరు తగ్గినా గోవిందా."

"నన్ను కూడా లెక్కేశారా?"

"నిన్నా?" డఫీ నవ్వాడు. "నిన్ను లెక్కెయ్యక్కర్లేదు తల్లీ. థోర్వాల్‌ని ఎప్పుడో వేసేశాను."

అతను చెడ్డవాడు కాడు. థోర్వాల్ శవపేటికను మోసినవాళ్ళలో ముందు నిలిచింది అతనే. ఆ మాట హాస్యంగానే అన్నాడు. కాని అందరూ ఆ హాస్యాన్ని నిజం చేయడం మొదలుపెట్టారు. పక్క కుర్చీ సభ్యుడు తల ఎత్తకుండానే "థోర్వాల్, ఆ కాగితం ఇలా ఇవ్వు" అని, నాలుక కరుచుకునేవాడు. భోజనశాలలో ఆమె అడగకుండానే థోర్వాల్ తినే బఠాణీల సూపు వచ్చేది. అతని బల్ల సొరుగులో సగం చప్పరించి కాగితంలో చుట్టిన దగ్గు బిళ్ళ ఒకటి మిగిలింది. దాన్ని పారేయబోయి, పారేయలేక ఊరుకుంది. ఆ కుర్చీలో తాను కూర్చోవడం లేదని, కూర్చున్న మనిషి ఒడిలో ఒదిగి ఉన్నానని ఆమెకు అనిపించసాగింది.

అయినా ఆమె అతని ఓటు వేయడానికే వచ్చింది. అందులో ఆమెకు సందేహం లేదు. సందేహం పుట్టినది నోర్దాల్‌లో.

మంచు మెత్తబడి దారులు తెరుచుకున్నాక, సమావేశాలకు విరామం దొరికిన వారంలో, ఆమె కొడుకు సమాధి చూడటానికి లోయలోకి వెళ్ళింది. హెల్లెస్తాద్‌లది మొదటినుంచీ ఆ లోయే. తెల్ల చెక్క చర్చి, దాని పక్కన ఏటవాలుగా నదివైపు దిగే సమాధుల నేల. థోర్వాల్ అక్క బోర్గ్‌హిల్డ్ ఇంకా అక్కడే పాడిపశువులతో ఉంటుంది. సమాధుల నేల బాగోగులు చూసేది కూడా ఆమే.

ఐనార్ రాయికి పైన, వాలు మొదలయ్యేచోట, నేలలో కొత్త కర్రలు వరసగా పాతి ఉన్నాయి. ఒక్కొక్కదానికి నారింజరంగు గుడ్డపేలిక కట్టి ఉంది. ఆ వరస చర్చి మెట్లకింది నుంచి సాగి, గోడ దాటి, బోర్గ్‌హిల్డ్ పాకమీదుగా ఎదుటి కొండదాకా ఒకే ఎత్తులో పోయింది. భూగోళం బోధించిన మనిషికి అది ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకే ఎత్తులో సాగే గీత నీటి అంచు; కట్ట ఊరి దగ్గర కాదు, లోయకు అడ్డంగా ఆనకట్టగా రాబోతోంది. ఐనార్ దానికి దిగువన ఉన్నాడు.

ఆమె నిటారుగా నిలబడి చూస్తూ ఉండగా, బోర్గ్‌హిల్డ్ చేతిలో బకెట్టుతో వచ్చింది.

"చూశావా? చూడక ఎక్కడికి పోతావులే. మంచు కరగ్గానే బయటపడ్డాయి."

"ఎప్పుడు పాతారు వదినా ఇవి?"

"పోయిన శరదృతువులో."

"ఎవరు?"

బోర్గ్‌హిల్డ్ బకెట్టు దించింది. "నిజంగా తెలీదా నీకు? నాటకాలాడుతున్నావేమో అనుకున్నా ఇన్నాళ్ళూ. పట్నం ఇంజనీర్లు. వాళ్ళని వెంటబెట్టుకొచ్చింది నా తమ్ముడు. ఇదిగో, నువ్వు నిలబడ్డచోటే నిలబడ్డాడు."

"ఐనార్ సమాధి దగ్గరా?"

"టోపీ తీసి నిలబడ్డాడు. 'ఒరే, పిల్లాణ్ణి ఒకసారి నీళ్ళు మింగింది చాలదా' అని అడిగాను. గొంతు సవరించుకున్నాడు, తెలుసుగా. 'చచ్చిపోయినవాళ్ళకి నీళ్ళంటే భయం లేదక్కా. కింద ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఉంది' అన్నాడు. 'మరి రాగ్నాకి చెప్పావా' అన్నాను. 'రెండోసారి ఓటయ్యాక చెప్తా' అన్నాడు. నీకు చెప్పేలోపు తనే పోయాడు."

రాగ్నా వంగి, దగ్గరి కర్రకు కట్టిన పేలికను వేలితో తాకింది.

"ఇల్లు పోతుందనీ ఆవులు పోతాయనీ నేను ఏడవట్లేదే," అన్నది బోర్గ్‌హిల్డ్. "మమ్మల్ని ఎవరైనా అడిగారా? అదీ నా కడుపుమంట. అడిగుంటే ఏం చెప్పేవాళ్ళమో మాకే తెలీదు. ఇస్తామనేవాళ్ళమేమో. నా తమ్ముడు నన్నే అడగలేదు. వచ్చి చెప్పి పోయాడు. రా, కాఫీ తాగుదువు గాని. మొహం చూడు, సున్నం కొట్టినట్టుంది."

పొడి అడుగుకు దిగడానికి గుడ్డు కొట్టి వేసి, చర్చి విందుల్లో కాచే పద్ధతిలో కాచిన కాఫీ బంగారురంగులో తేరి ఉంది. రాగ్నా కప్పు పట్టుకుని కూర్చున్నదే గాని తాగలేదు. ఆమెను కుదిపినది నీళ్ళు కాదు. ఐనార్‌ను పూడ్చిన నాటినుంచి, ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకే దుఃఖాన్ని చెరోవైపూ పట్టుకుని మోస్తున్నారని ఆమె నమ్మింది. థోర్వాల్ తన వైపు ఎప్పుడో దించేసి, ఆమె ఒక్కతే మోస్తుంటే చూస్తూ పక్కన నడిచాడు.

రాజధానికి తిరిగి వెళ్ళగానే ఆమె బిల్లుల పాఠాలు రాసే న్యాయవాది ప్రెస్కాట్ వేన్ గదికి వెళ్ళింది. పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న చెట్టులా ఉంటాడు. ఆ సవరణ పాఠం రాసినది అతనే.

"శ్మశానాలను తీసుకోవాలంటే వారసుల ఒప్పుదల కావాలని చట్టం ఉంది కదండీ?"

"ఉందమ్మా."

"మరి?"

వేన్ కళ్ళజోడు తీశాడు. "'మరే చట్టంతో నిమిత్తం లేకుండా' అని ఉంటుంది చూడండి, భూములు తీసుకోవడం గురించిన రెండో వాక్యంలో. రాజ్యాంగంలో ఆ మాట పడ్డాక మిగతా చట్టాలు పక్కకి తప్పుకుంటాయి. మీవారే పెట్టమన్నారు. ఒక్క కుటుంబం ఒప్పుకోకపోతే ఊరంతా మునుగుతుంది, అలా ఎలా అన్నారు. నాక్కూడా సబబుగానే అనిపించింది."

"ఆ మాట తీసేసి, శ్మశానాలు తప్ప అని, అక్కడివాళ్ళు ఓటేసి ఒప్పుకుంటేనే అని పెడితే?"

"పెట్టొచ్చు. నేను ఈ సాయంత్రానికే రాసిస్తాను. కానీ అది ఈ సవరణ కాదమ్మా, ఇంకోటి. దానికి ఇదే మొదటి సభ అవుతుంది. మళ్ళీ ఎన్నికలు రావాలి, మళ్ళీ ఇంకో సభ, ఆ తర్వాత జనం."

"వేరే దారే లేదా?"

"ఉంది. రాజ్యాంగం మొత్తం తిరగరాయడానికి మహాసభ పిలవచ్చు. పిలవాలా వద్దా అని ముందు జనాన్ని అడగాలి, తర్వాత ప్రతినిధుల్ని ఎన్నుకోవాలి. అది ఇంకా పొడుగు. తలుపు కిర్రుమంటోందని ఇల్లు కూల్చినట్టు." కళ్ళజోడు గుడ్డతో తుడిచాడు. "ఇంకో సంగతి కూడా వినండి. సమాధులు మునగకూడదంటే ఆనకట్ట ఎత్తు తగ్గించాలి. తగ్గిస్తే అది ఆపే నీళ్ళూ తగ్గుతాయి. నేను న్యాయవాదిని, ఇంజనీరుని కాదు. కానీ నీళ్ళు బేరాలాడవు."

"ఈలోగా వరద వస్తే?"

"రాకపోవచ్చు కూడా," అన్నాడు వేన్. ఆ మాటలోని బలహీనత తనకే వినిపించినట్లు, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

రాగ్నా ఎదుట ఇప్పుడు రెండే దారులున్నాయి. అవునంటే, కొడుకు రెండోసారి మునుగుతాడు, లోయలోని వాళ్ళు అడగకుండానే ఊళ్ళు వదులుతారు. కాదంటే, స్టోన్‌ఫోర్డ్ పల్లపు వీధులు ఇంకా ఎన్నో వసంతాలు తెరిచిన తలుపులా ఉంటాయి. మూడోదని ఆమె అనుకున్నది రెండోదానికే మరో పేరు.

సవరణమీద జనం మాట వినే బహిరంగ విచారణ రోజున స్టోన్‌ఫోర్డ్‌నుంచి బస్సు నిండా జనం వచ్చారు. వాళ్ళలో లిడియా క్రూపా ఉంది. పల్లపు వీధిలో బేకరీ నడుపుతుంది. ఐనార్ పోయిన వరదలోనే ఆమె తల్లి పోయింది. ఆమె మైకు ముందు తడబడి ఏదో చెప్పి దిగి, నడవలో రాగ్నాను పట్టుకున్నది.

"టీచరమ్మా, నేను లోపల సరిగా మాట్లాడలేదు కదూ? ఆ పెద్దమనుషులంతా నన్ను చూస్తుంటే ఈస్టు కలపడం మర్చిపోయిన పిండిలా అయిపోయాను."

"బాగానే మాట్లాడావు లిడియా."

"నాకు ముగ్గురు పిల్లలు. వసంతం వస్తే వాళ్ళని బట్టలతోనే పడుకోబెడతాను. పెద్దది నవ్వుతుంది నన్ను చూసి. రోజ్ నవ్వదు. అది నడిపిది. మంచం పక్కన బూట్లు తిన్నగా పెట్టుకుని, తాళ్ళ ముళ్ళు విప్పి ఉంచుకుని మరీ పడుకుంటుంది." రాగ్నా చేయి వదలలేదు ఆమె. "మీరుండబట్టి సరిపోయింది. మీకు తెలుసు కాబట్టి. వేరే ఎవరైనా అయితే నేను ఇంత దూరం వచ్చి బతిమాలేదాన్ని కాదు."

"నేను ఎటు వేస్తానో నీకెలా తెలుసు?"

లిడియా నవ్వేసింది. "అదేంటి టీచరమ్మా, అయ్యగారి ఓటే కదా!"

ఆ సాయంత్రం బసలో రాగ్నా ఒక విషయం తేల్చుకున్నది. ఎటు ఓటు వేయాలన్నది ఇంకా తేలలేదు. కాని ఏది వేసినా అది తన గొంతులోనుంచి రావాలి. ఇద్దరు కూర్చున్న కుర్చీలోనుంచి ఒకరు తీసుకున్న నిర్ణయానికి విలువ లేదు.

ఆ సభలో ఒక పాత ఆచారం ఉంది. పదవిలో ఉండగా చనిపోయిన సభ్యుడి బల్లమీద నల్లగుడ్డ కప్పి, గుమాస్తా అతని పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడుసార్లూ నిశ్శబ్దమే బదులు. అటు తరువాత స్పీకరు లేచి, "అతను సెలవు తీసుకున్నాడు" అంటాడు. అప్పుడే పేరు పట్టీలోంచి తొలగుతుంది. థోర్వాల్‌కు అది జరగలేదు. ఎందుకు జరగలేదని ఆమె గుమాస్తాను అడిగింది.

ముసలాయన ఇబ్బందిగా కదిలాడు. "పేరు అదేగా అమ్మా. తీసేసి మళ్ళీ అదే రాయడం ఎందుకని... డఫీ గారు కూడా అలాగే ఉండనీ అన్నారు. ఆ పేరు పట్టీలోంచి ఒక్క రోజు పోయినా ఈ తీర్మానానికి అపశకునం అన్నారు."

"ఆయన్ని మీరు ఇంకా పంపించలేదన్నమాట."

గుమాస్తా ఆమె ముఖం చూశాడు, ఇంకేమీ అడగలేదు. "రేపు ఉదయమే పిలుస్తాను," అన్నాడు.

మర్నాడు ఆమె కుర్చీ ఖాళీ చేసి, వెనక గోడ దగ్గర సందర్శకుల బల్లమీద కూర్చున్నది. నల్లగుడ్డ కప్పారు. "హెల్లెస్తాద్." సభ నిశ్శబ్దం. "హెల్లెస్తాద్." డఫీ తల వంచుకున్నాడు. మూడోసారి పిలిచినప్పుడు ఆమెకు గొంతు సవరింపు వినిపించింది, ముందెన్నడూ లేనంత స్పష్టంగా. అతను జవాబు చెప్పబోతున్నాడు. ఇంకొక్క క్షణంలో "ఉన్నాను" అనబోతున్నాడు. రాగ్నా రెండు చేతులూ ఒడిలో బిగించి, పెదవులు కదలకుండా, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారిగా అతన్ని మాట్లాడవద్దని కోరుకున్నది. అతను మాట్లాడలేదు. స్పీకరు లేచి ఆ మాట అన్నాడు. నల్లగుడ్డ మడిచి ఆమె చేతికిచ్చారు.

మధ్యాహ్నం సవరణ తీర్మానం వచ్చింది. అదే పాఠం. గుమాస్తా మొదటినుంచి చివరిదాకా చదివాడు. "మరే చట్టంతో నిమిత్తం లేకుండా" అన్నచోట రాగ్నా కళ్ళు మూసుకున్నది. తరువాత పేర్ల పిలుపు మొదలైంది. అవును, కాదు, అవును. డఫీ వేళ్ళు మడుస్తూ వచ్చాడు.

"హెల్లెస్తాద్."

వెనక ఏ చప్పుడూ లేదు. ఆ ఖాళీ ఆమె ఊహించినదానికన్నా పెద్దదిగా ఉంది. ఇన్నాళ్ళూ భయపెట్టిన చప్పుడు లేకపోయేసరికి, దాన్ని ఆనుకునే తాను నిలబడ్డానని తెలిసింది. ఆమె లేచింది.

"కాదు."

డఫీ వేళ్ళు మధ్యలో ఆగిపోయాయి. తీర్మానం ఒక్క ఓటు తక్కువై పడిపోయింది.

నడవలో డఫీ ఆమెను నిలేశాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"మమ్మల్ని నట్టేట ముంచావు కదమ్మా! వాడు చచ్చేదాకా మోసిన పనిని, వాడి పెళ్ళామే వచ్చి ఒక్క ముక్కలో..."

"ఆయన నాకు చెప్పలేదు డఫీ గారూ. మీకు తెలుసా?"

డఫీ చూపు పక్కకి తిప్పాడు. తెలుసునని ఆ చూపే చెప్పింది.

"లోయవాళ్ళని అడగండి. అడిగి తీసుకోండి. కొత్త పాఠం వేన్ గారి దగ్గర ఉంది."

"రెండేళ్ళు, తల్లీ! కొత్త సభ రావాలి. ఆ రెండేళ్ళూ నదికి ఎవరు చెప్తారు ఆగమని? నువ్వు చెప్తావా?"

కొత్త పాఠాన్ని వారం తిరక్కుండా సభ ఆమోదించింది, మరేదీ మిగలలేదు కనుక. రాష్ట్రమంతటా పత్రికల్లో అచ్చయింది. మొదటి సగం ముగిసింది.

ఆ వసంతం మెల్లగా, మర్యాదగా గడిచింది. మంచు కొంచెం కొంచెంగా కరిగింది. కర్లూ నది గట్టు తడిపి వెనక్కి పోయింది. రాగ్నాకు నిద్ర వచ్చింది.

తరువాతి వసంతంలో, కొత్త సభకు ఎన్నికలు ఇంకా రాకముందు, గడ్డకట్టిన నేలమీద మూడు రోజులు వెచ్చని వాన కురిసింది. నేల ఇంకించుకోలేదు. నది పట్టపగలు, బేకరీలో మధ్యాహ్నపు రొట్టె పొయ్యిలో ఉన్నప్పుడు వచ్చింది. లిడియా పెద్ద పిల్లనూ చిన్నవాణ్ణీ ఎత్తయిన వీధికి చేర్చి, వెనక్కి తిరిగింది. రోజ్ బూట్లు వేసుకునే ఉంది. ముళ్ళు కూడా బిగించుకుంది. మెట్లు దిగి తల్లి వెంట నడవబోయింది. మెట్లు అక్కడ లేవు.

స్టోన్‌ఫోర్డ్‌లో కాథలిక్కుల శ్మశానం పల్లంలో ఉంది. దానిమీద మోకాలిలోతు బురద పేరుకుంది. లిడియా కూతుర్ని అక్కడ పెట్టనన్నది. ఎక్కడ పెడతావని పాదిరి అడిగితే, నీళ్ళు రానిచోట, పైన నోర్దాల్‌లో అన్నది. నోర్దాల్ లూథరన్‌ల నేలలో కాథలిక్కు పిల్లను పూడ్చిన రోజు ఇదివరకు లేదు. ఆ మాట ఎత్తుతారేమోనని రాగ్నా తానే బోర్గ్‌హిల్డ్ దగ్గరికి వెళ్ళింది. బోర్గ్‌హిల్డ్ అంతా విని, పార తీసుకుని లేచింది.

"సంఘం పెద్దలు ఏమంటారో వదినా?"

"ఏమంటారు? అనేవాడు వచ్చి నా చేతిలో పార లాక్కోమను." కొంతదూరం నడిచి ఆగింది. "ఐనార్ పక్కన ఖాళీ ఉంది. అది నా తమ్ముడి కోసం ఉంచింది. వాడు ఊళ్ళో పడుకున్నాడుగా."

అంత్యక్రియలు అయ్యాక జనం చర్చి కింది గదిలోకి కాఫీకి వెళ్ళారు. వాలుమీద ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. పైన కర్రలు ఇంకా ఉన్నాయి. గుడ్డపేలికల రంగు వెలిసింది, తీసినవాళ్ళు లేరు.

లిడియా ఆ వరస వంక చాలాసేపు చూసింది.

"అది ఏంటో నాకు తెలుసు. డఫీ గారు వచ్చి చెప్పారు. మీరెందుకు కాదన్నారో కూడా చెప్పారు. నేను అడక్కుండానే." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే రాగ్నాకు తేలికయ్యేది. "ఇక్కడికి నీళ్ళు రావుగా టీచరమ్మా?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు. "కొత్త పాఠం గెలిస్తే రావు. వచ్చే సభ ఒప్పుకోవాలి. తరువాత జనం ఒప్పుకోవాలి."

"అందులో మార్చడానికి ఏమీ ఉండదా? ఆనకట్ట కాస్త ఎత్తు పెంచమని?"

"మారిస్తే మళ్ళీ మొదటికి వస్తుంది."

"మీ ఓటు ఎటు?"

"ఈసారి అవును."

"ఎందుకు?"

రాగ్నా కొత్త మట్టివైపూ, పక్కన నాచుపట్టిన చిన్న రాయివైపూ చూసింది. ఈ జవాబును ఆమె దారిపొడుగునా తయారుచేసుకుని వచ్చింది. కారణం, దాని ఫలితం, ఆ ఫలితమే మరో కారణం కావడం, అన్నీ వరసలో పెట్టుకుంది. నోటికి వచ్చినది మాత్రం ఒక్కటే.

"ఇప్పుడు ఇక్కడ ఇద్దరున్నారు లిడియా."

లిడియా వంగి, మట్టిమీద పడిన ఎండుటాకును తీసి, ఎటు పారేయాలో తెలియనట్లు అరచేతిలోనే ఉంచుకున్నది.

"నా మిగతా ఇద్దరూ కింద ఊళ్ళో ఉన్నారు," అన్నది.